గడువు విద్యార్థికేనా?

యూనివర్సిటీ ఫలానా విద్యార్థి అడ్మిషన్ రద్దు చేసిందన్న వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లకు మించి రాదు. చదివినవాళ్ళ తీర్పు అంతకన్నా పొట్టిది. "అర్హత లేనివాణ్ణి తీసేశారు, అందులో తప్పేముంది?" ఈ మాట తార్నాకలో ప్రొఫెసర్ల నోట విన్నాను. హైకోర్టు వరండాలో వకీళ్ళ నోట విన్నాను. రామంతాపూర్‌లో అప్పులు చేసి పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రుల నోటా విన్నాను. ఆ తల్లిదండ్రుల పిల్లల అడ్మిషన్లు అప్పటికింకా రద్దు కాలేదు, అంతే.

వాదన పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. నిబంధన ఉంది, విద్యార్థి దానికి సరిపోలేదు, బయటికి పంపారు. కోర్టుకెక్కినవాళ్ళు జాలి అడుక్కుంటున్నారు, జాలి చూపిస్తే ప్రమాణాలు మంటగలుస్తాయి. ఇలా సాగే మాటల్లో ఒక సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ విద్యార్థి గోడ దూకి రాలేదు. నోటిఫికేషన్ ఇచ్చి, దరఖాస్తు రుసుం పుచ్చుకుని, ఎంట్రన్స్ పెట్టి, ర్యాంకు ప్రకటించి, సర్టిఫికెట్లు చూసి, ఫీజు కట్టించుకుని, ఐడీ కార్డు మెళ్ళో వేసింది యూనివర్సిటీయే. ఏడాది పోయాకో, రెండేళ్ళు పోయాకో, ఒక్కోసారి చివరి సెమిస్టర్ హాల్ టికెట్ ఇచ్చే ముందో "నీకు అర్హత లేదు" అంటుంది. ఆ అర్హత మధ్యలో ఎక్కడో జారిపోయింది కాదు గదా, చేరిననాడే లేదు. మరి చేరిననాడు చూడాల్సినవాళ్ళు ఏం చూసినట్టు?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అర్హత చూసుకోవడం యూనివర్సిటీ పని, ఆ పనికి ఒక గడువుండాలి. గడువు దాటాక, విద్యార్థి మోసం చేశాడని తేలితే తప్ప, అడ్మిషన్ రద్దు చేసే హక్కు యూనివర్సిటీకి ఉండకూడదు. దొంగ మెమోలు, దొంగ కుల ధ్రువీకరణ పత్రాలు పెట్టినవాళ్ళ తరఫున నేను ఒక్క మాట మాట్లాడను. వాళ్ళను పదేళ్ళ తర్వాత పట్టుకున్నా పంపించేయాల్సిందే. నా గొడవ రెండో రకంవాళ్ళది. ఉన్న సర్టిఫికెట్ ఉన్నట్టే చూపించినవాళ్ళది.

సర్టిఫికెట్ వెరిఫికేషన్ అనే తతంగం ఎలా నడుస్తుందో చూసినవాళ్ళకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. విద్యార్థి పొద్దున్నే ప్లాస్టిక్ ఫోల్డరుతో వస్తాడు. అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, వేరే యూనివర్సిటీ నుంచి వస్తే మైగ్రేషన్, రిజర్వేషన్ ఉంటే కులం, ఆదాయం కాగితాలు, అన్నిటికీ రెండేసి సెట్ల జిరాక్సులు. టోకెన్ నంబరు పిలిచాక కౌంటరు ముందుకు వెళ్తాడు. బల్లకు అటువైపు కూర్చున్నాయన చెక్‌లిస్టు ముందేసుకుని ఒక్కో కాగితం తిప్పుతూ ఎర్ర పెన్నుతో టిక్కులు పెడతాడు. మార్కుల శాతం దగ్గర ఆగుతాడు, క్యాలిక్యులేటర్ నొక్కుతాడు, అంకె రాస్తాడు. కింద సంతకం, తేదీ, ముద్ర. టీసీ ఒరిజినల్ ఫైల్లోకి పోతుంది. టీసీ ఇచ్చేశాక విద్యార్థికి వెనక్కి దారి లేదు, పాత కాలేజీ మళ్ళీ చేర్చుకోదు, ఈలోగా మిగతా కౌన్సెలింగులూ అయిపోతాయి. తర్వాత ఫీజు చలానా.

చూడడమంటే ఇదే. 2018 అక్టోబరులో యూజీసీ ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో ఇచ్చిన ఆదేశం కూడా ఇదే చెప్పింది. అడ్మిషన్ సమయంలోనే, విద్యార్థి ఎదురుగానే ఒరిజినల్స్ పరిశీలించి, తృప్తి పడ్డాక వెంటనే తిరిగి ఇచ్చేయాలి. అంటే పరిశీలన కౌంటరు దగ్గరే పూర్తి కావాలని నియంత్రణ సంస్థే అనుకుంటోంది. యూనివర్సిటీలు మాత్రం దాన్ని సాగదీసిన సీరియల్ చేశాయి. కౌంటర్లో ఒకసారి చూస్తారు, అకడమిక్ సెక్షన్‌లో మరోసారి, పరీక్షల విభాగంలో ఇంకోసారి. మొదటి ఇద్దరూ వదిలేసింది మూడో ఆయన పట్టుకుంటే అది ఆయన సమర్థత కింద లెక్క. శిక్ష మాత్రం విద్యార్థికి.

న్యాయస్థానాలు జాలితో విద్యార్థుల వైపు మొగ్గుతున్నాయనే మాట దగ్గరికి వస్తాను. 1975లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కురుక్షేత్ర యూనివర్సిటీ కేసు లా కాలేజీల్లో అందరూ చదివేదే. ఉద్యోగం చేస్తూ లా చదువుతున్న విద్యార్థి. హాజరు చాలలేదు, పైఅధికారుల అనుమతి కాగితం పెట్టలేదు. అయినా యూనివర్సిటీ పరీక్ష రాయనిచ్చింది. రాశాక అభ్యర్థిత్వం రద్దు చేసింది. కోర్టు ఏమన్నది? దరఖాస్తు చేతికొచ్చిననాడే జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యత యూనివర్సిటీది. చూసే అవకాశం ఉండీ చూడకుండా పరీక్షకు పంపాక, రద్దు చేసే అధికారం ఇక లేదు. విద్యార్థి మోసం చేశాడంటారా? కొద్దిపాటి శ్రద్ధ పెడితే నిజం తెలిసిపోయే స్థితిలో ఉన్నవాళ్ళు తమను మోసం చేశారని చెప్పుకోలేరు. ఇందులో జాలి మాట ఎక్కడుంది? వ్యాపారంలో ఇద్దరు మనుషుల మధ్య నడిచే న్యాయమే ఇది. నా మాట నమ్మి నువ్వు నీ స్థితి మార్చుకున్నాక నేను మాట మార్చడానికి వీల్లేదు. సాక్ష్యాధారాల చట్టంలో నూట యాభై ఏళ్ళుగా ఉన్న ఎస్టాపెల్ సూత్రమది. పాత చట్టంలో 115వ సెక్షన్, కొత్తగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 121.

1990లో ఒడిశాలోని బర్హంపూర్ యూనివర్సిటీ కేసు ఇంకా సూటిగా ఉంది. లా కోర్సులో చేరిన విద్యార్థి తన ఎంఏ మార్కుల జాబితా దరఖాస్తుతోనే ఇచ్చాడు. ఏదీ దాచలేదు. కాలేజీ చేర్చుకుంది, పై తరగతికి పంపింది. యూనివర్సిటీ పరీక్షలు రాయించింది. ఆ తర్వాత మార్కుల శాతం చాలదంటూ ఫలితాలు తొక్కిపట్టింది. ప్రకటించి తీరాలంది సుప్రీంకోర్టు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1986లో, కర్ణాటక ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరిన ఉత్తరాది విద్యార్థుల కేసులో వాళ్ళకు నిజంగానే అర్హత లేదని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే చదువు కొనసాగనిచ్చింది. తప్పు డబ్బు కోసం చేర్చుకున్న కాలేజీలది గనుక, దాని ఫలితం విద్యార్థుల నెత్తిన రుద్దకూడదంది.

సరే, దీనికి ఎదురు తీర్పులు లేవా? ఉన్నాయి, అవతలివాళ్ళు వాటినే చూపిస్తారు. 1986లోనే మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్స్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు వాటిలో పెద్దది. ప్రభుత్వ అనుమతీ, యూనివర్సిటీ అఫిలియేషనూ లేకుండా మెడికల్ కాలేజీ తెరిచి విద్యార్థుల్ని చేర్చుకున్నారు. పరీక్షలకు అనుమతించమని విద్యార్థులు అడిగారు. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ససేమిరా అన్నారు. ఏ చట్టం వల్ల యూనివర్సిటీ పుట్టిందో ఆ చట్టాన్నే ధిక్కరించమని యూనివర్సిటీని తాము ఆదేశించలేమన్నారు. ఆ తీర్పు సరైనదనే నేనూ అంటాను. కానీ అక్కడ యూనివర్సిటీ ఆ పిల్లలను ఏనాడూ తన విద్యార్థులుగా చేర్చుకోలేదు. లేని కాలేజీకి, ఉన్న కాలేజీలో జరిగిన క్లరికల్ అజాగ్రత్తకూ ముడిపెట్టి, యూనివర్సిటీల కౌంటర్ అఫిడవిట్లలో ఈ తీర్పును మంత్రంలా వల్లిస్తారు. 2008లో కేరళ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కేసులో మార్కులు తక్కువైన విద్యార్థికి హైకోర్టు ఇచ్చిన ఊరటను సుప్రీంకోర్టు కొట్టేసి, తప్పుడు చోట జాలి చూపారని మందలించిన మాట నిజం. అక్కడా చేర్చుకున్నది కాలేజీ. యూనివర్సిటీ తన చేత్తో చూసి, టిక్కు పెట్టి, ముద్ర వేసిన కేసు వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం ఆ తీర్పుల పేర్లు మాత్రమే చదివినవాళ్ళ పని.

ఇప్పుడు గడువుల సంగతి. మనవాళ్ళ న్యాయం ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం లాంటిదని నాకు ఖాయంగా అనిపించింది 2024లో. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా దళిత కుర్రాడు. తండ్రి కూలి. ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. సీటు ఖాయం చేసుకోవాలంటే జూన్ 24 సాయంత్రం 5 గంటల్లోపు 17,500 రూపాయలు కట్టాలి. ఊళ్ళో అప్పూ సప్పూ చేసి పోగేసేసరికి పోర్టల్ మూతపడే వేళైంది. నిమిషాల్లో సీటు పోయింది. సుప్రీంకోర్టు దాకా వెళ్తే, సెప్టెంబర్ 30న 142వ అధికరణం కింద ఆ సీటు ఇప్పించారు. 2021 నవంబర్‌లో బాంబే ఐఐటీ కేసు కూడా ఫీజు చెల్లింపులో సాంకేతిక అంతరాయం వల్ల పుట్టిందే. ఈ కుర్రాళ్ళకు గడువు నిమిషాల్లో లెక్కించారు. అదే యూనివర్సిటీకి, ముందు పెట్టిన ఆరు కాగితాలు చూసి అవునో కాదో చెప్పడానికి ఎన్ని రోజులు? దాదాపు ఏ ప్రాస్పెక్టస్ తిరగేసినా కనిపించే మాట "ఏ దశలోనైనా". ఏ దశలోనైనా అర్హత లేదని తేలితే అడ్మిషన్ రద్దు చేయబడును. విద్యార్థికి సాయంత్రం ఐదు. యూనివర్సిటీకి యావజ్జీవం.

"అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టాడు కదా" అంటారు. పెట్టాడు. పెట్టకపోతే ఫీజు కట్టించుకోరు. ఒక వాక్యం కొట్టేసి సంతకం పెడతానన్న విద్యార్థిని ఏ కౌంటరూ నిలబడనివ్వదు. బేరమాడే వీల్లేని కాగితం మీద చేయించుకున్న సంతకాన్ని పట్టుకుని, మా అజాగ్రత్తకు నువ్వే ముందుగా పూచీ పడ్డావు అనడం ఒప్పందం కాదు, దబాయింపు.

ఇక అందరికీ నచ్చే వాదన: "తనకు అర్హత లేదని తెలిసీ చేరాడు." ఇది అన్నవాళ్ళు ఒక్కసారి అర్హత నిబంధనల్ని వరసపెట్టి చదవాలని నా విన్నపం. యూజీసీ రెగ్యులేషన్లు ఒక కట్ట. బార్ కౌన్సిల్, ఏఐసీటీఈ, ఎన్‌ఎంసీ, ఎన్‌సీటీఈ తలో కట్ట. రాష్ట్ర ప్రభుత్వ జీవోలు, ఎంట్రన్స్ కన్వీనర్ ఇచ్చే సూచనల పుస్తకం, యూనివర్సిటీ సొంత ఆర్డినెన్సులు, డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న షరతులు. పీహెచ్‌డీ ఒక్కదాన్నే తీసుకోండి. 2016లో యూజీసీ నిబంధనలొచ్చాయి. రిజర్వుడు వర్గాలకు ఎంట్రన్స్ మార్కుల్లో సడలింపు అందులో లేదని గొడవై 2018లో సవరించారు. 2022 నవంబర్‌లో మొత్తం తీసేసి కొత్తవి తెచ్చారు. ఒక నిబంధన ఉన్నప్పుడు దరఖాస్తు పెట్టి, ఇంకోటి వచ్చాక చేరినవాళ్ళకు ఏది వర్తిస్తుందో సెక్షన్ ఆఫీసరుకే తెలియకపోతే, ఆదిలాబాద్ నుంచి వచ్చి హబ్సిగూడలో గది అద్దెకు తీసుకున్న కుర్రాడికి తెలిసి ఉండాలా?

లా అడ్మిషన్ల చిక్కు ఇంతకన్నా ఘోరం, కాస్త వివరంగానే చెప్పాలి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పదో తరగతితోనో, అంతకన్నా ముందో బడి మానేసినవాళ్ళ కోసం అది ఎలిజిబిలిటీ టెస్ట్ అనే తలుపు తెరిచింది. ఇంటర్ లేకున్నా ఆ పరీక్ష పాసైతే డిగ్రీలో చేరే వీలు కల్పించింది. కానిస్టేబుళ్ళు, ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్ళై పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టిన ఆడవాళ్ళు ఆ తలుపు గుండా వచ్చి పట్టభద్రులయ్యారు. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ ఇచ్చిన నికార్సయిన డిగ్రీ అది. 2008లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవిద్య నిబంధనలు తెచ్చింది. అందులో 5వ నిబంధన కింద ఒక వివరణ ఉంది. మౌలిక అర్హత లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ గానీ పీజీ గానీ పొందినవాళ్ళు లా కోర్సులకు అనర్హులు. అదే నిబంధన కింద దూరవిద్యలో పొందిన డిగ్రీ చెల్లుతుందని ఒక వాక్యంలో చెప్పి, పక్క వాక్యంలో ఇది పెట్టారు. చదివితే వకీళ్ళకే తల తిరుగుతుంది.

ఆ డిగ్రీ పట్టుకుని ఒకామె లాసెట్ రాసిందనుకోండి. దరఖాస్తు ఫారంలో డిగ్రీ వివరాలు నింపింది, ఎక్కడ చదివిందీ రాసింది. ర్యాంకొచ్చింది. వెరిఫికేషన్‌లో టెన్త్ మెమో, డిగ్రీ మెమో పెట్టింది. ఇంటర్ మెమో గడిలో "లేదు" అని రాసుకుని మరీ సీటిచ్చారు. మూడేళ్ళు సాయంత్రం బస్సెక్కి కాలేజీకి వెళ్ళింది. పట్టా చేతికొచ్చే ముందో, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాకో, "ఇంటర్ లేదు కాబట్టి నీకు మొదటి నుంచీ అర్హత లేదు" అన్న మాట వింటుంది. ఆమె ఏం దాచింది? దాచడానికి అసలు లేని కాగితాన్ని! లేని కాగితం లేదని అందరికంటే ముందు కనిపెట్టాల్సింది చెక్‌లిస్టు పట్టుకున్న మనిషి. ఆ నిబంధన మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరే పెట్టుకుందాం, అది చెడ్డదనే నా అభిప్రాయం. మంచిదే అనుకున్నా సరే, దాన్ని మొదటి రోజు అమలు చేస్తే ఆమె మూడేళ్ళూ మిగిలేవి. నేషనల్ ఓపెన్ స్కూల్‌లోనో, ప్రైవేటుగానో ఇంటర్ కట్టి పాసై, డిగ్రీ మళ్ళీ చేయాలో వద్దో తేల్చుకునేది. నిబంధన తనంతట చేయని హాని, దాన్ని ఆలస్యంగా అమలు చేయడం చేస్తుంది.

స్థానికత గొడవలో ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1973 ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర ప్రాంతాల లెక్క, 85 శాతం స్థానికులకు. ఇవన్నీ తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసినవే. విభజన జరిగి పదేళ్ళు నిండాక ఉమ్మడి ప్రవేశాల కాలం ముగిసింది. 2024 జూలై 19న తెలంగాణ ప్రభుత్వం జీవో 33 తెచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడే చదివితేనే మెడికల్ అడ్మిషన్లలో స్థానికులు. అంతకుముందు, ఆరో తరగతి నుంచి లెక్కేసే ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాళ్ళయ్యే వీలుండేది. ఆ వీలు పోయింది. నీట్ మే 5నే అయిపోయింది. ఖమ్మంలో పుట్టి, పదో తరగతి దాకా అక్కడే చదివి, రెండేళ్ళు విజయవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్ల పరీక్ష రాసేనాటికి తాను తెలంగాణ బిడ్డననే అనుకుంది. కౌన్సెలింగ్ నాటికి కాదు. సెప్టెంబర్ 5న హైకోర్టు శాశ్వత నివాసులకు ఆ నిబంధన వర్తించదంది. 20న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కోర్టుకొచ్చిన 135 మందికి మాత్రం ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధనే నిలబెట్టింది, బయట ఉద్యోగాలు చేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల్లాంటివారికి కొంత సడలింపుతో.

నిబంధన చెల్లుతుందని అత్యున్నత న్యాయస్థానం చెప్పాక దాని మీద నాకు పేచీ లేదు. స్థానికులకు సీట్లు దక్కాలన్న ఆశయం మీద అసలే లేదు, ముల్కీ గొడవల కాలం నుంచీ ఈ గడ్డ అడుగుతున్నదదే. నా పేచీ తేదీల మీద. ఇంటర్ ఎక్కడ చేరాలో కుటుంబాలు 2022లో తేల్చుకున్నాయి. ఆ నిర్ణయం ఖరీదెంతో 2024 జూలైలో చెప్పారు. కోర్టుకెళ్ళే తాహతున్న 135 మందికి దారి దొరికింది. వెళ్ళలేనివాళ్ళ సంగతి ఏ ఉత్తర్వులోనూ లేదు.

"ఒకరి సీటు ఇంకొకరు కొట్టేశారు, తర్వాతి ర్యాంకువాడికి అన్యాయం జరిగింది" అన్న వాదన ఒక్కటే నన్ను కాసేపు ఆలోచనలో పడేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాతి ర్యాంకువాడు నిజంగా ఉన్నాడు. అయితే రెండో ఏడాది మధ్యలో అడ్మిషన్ రద్దయితే ఆ సీటు వాడికెళ్తుందా? వెళ్ళదు. ఖాళీగా పడి ఉంటుంది. ఒకరికి జరిగిన అన్యాయాన్ని సరిచేయకుండానే ఇంకొకరికి చేశారు, లెక్క రెండైంది. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడికి న్యాయం జరగాలంటే తప్పు సెప్టెంబర్‌లో బయటపడాలి, మరుసటి ఏడు మార్చిలో కాదు. 2019 డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక ఎంబీబీఎస్ అభ్యర్థిని కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇదే తేల్చింది. అర్హత ఉండీ అన్యాయంగా సీటు పోగొట్టుకున్నవాళ్ళకు పరిహారంతో సరిపెట్టకూడదు, అవసరమైతే సీటు పెంచైనా, వచ్చే ఏడాదైనా ఇవ్వాలి. కానీ అభ్యర్థి ఏమాత్రం ఆలస్యం లేకుండా కోర్టుకు రావాలి, ఆ ఏడాదే సీటివ్వాలంటే గడువు దాటిన నెల లోపే సర్దుబాటు జరగాలి. చూశారా, ఇక్కడా విద్యార్థికే గడియారం.

"కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుని డిగ్రీ ముగించేస్తున్నారు" అనేవాళ్ళు ఆ బతుకు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు కారు. రద్దు ఉత్తర్వు చాలాసార్లు ఒక పేరా. షోకాజ్ నోటీసు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పరీక్షా ఫలితాలు రద్దు చేసే ముందు విద్యార్థి మాట వినాలని సుప్రీంకోర్టు 1962లోనే ఉత్తరప్రదేశ్ బోర్డు కేసులో చెప్పినా ఇదీ పరిస్థితి. అడ్వకేట్ ఫీజుకు ఇంట్లో బంగారం కదులుతుంది. రిట్ పిటిషన్‌కు నంబరయ్యి, కాజ్‌లిస్టులో వచ్చి, యూనివర్సిటీ స్టాండింగ్ కౌన్సిల్ "ఇన్‌స్ట్రక్షన్స్ కోసం" వాయిదా అడిగి, పరీక్షలకు వారం ముందు మధ్యంతర ఉత్తర్వు దొరికితే అదృష్టం. అందులో "తుది తీర్పుకు లోబడి" అని ఒక మాట ఉంటుంది. ఆ మాట కింద కూర్చుని పరీక్ష రాయాలి. ఫలితం ఇవ్వరు, సీల్డ్ కవర్. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది. హాస్టల్ గది ఖాళీ చేయమంటారు. విద్యార్థుల మీద జాలితో మధ్యంతర ఉత్తర్వులివ్వడం మంచిది కాదని సుప్రీంకోర్టే 1993లో గురునానక్ దేవ్ యూనివర్సిటీ కేసులో హైకోర్టులను మందలించింది. కాబట్టి ఆ ఉత్తర్వు దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. దీన్ని కోర్టుల ఔదార్యం అని పిలిచేవాళ్ళు ఒక్క సెమిస్టరు అలా రాసి చూడాలి.

వైద్యం, న్యాయం లాంటి వృత్తుల్లో అర్హత లేనివాళ్ళు వస్తే జనానికి ప్రమాదం కదా? ఇంటర్‌లో జీవశాస్త్రమే చదవనివాడు ఎంబీబీఎస్‌లో చేరితే ప్రమాదమే. అంత పెద్ద లోపం మొదటి రోజు కనబడలేదంటే, ముందు ఆ కౌంటర్లో కూర్చున్నవారి మీద విచారణ జరగాలి. 55 శాతం ఉండాల్సిన చోట 54.8 ఉండడం వల్ల, ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని రెండేళ్ళు కోర్సు పాసైన విద్యార్థి సమాజానికి ఏ ప్రమాదం తెచ్చిపెడతాడో నాకెవరైనా చెప్పాలి.

యూనివర్సిటీ తప్పు చేసినందుకు ఎవరికైనా ఏమైనా అవుతుందా అన్నది అసలు ప్రశ్న. టిక్కు పెట్టినాయన పదోన్నతి ఆగదు. కన్వీనరుకు మెమో రాదు. కట్టిన ఫీజు తిరిగిరావాలంటే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ తిరుగుడు. పోయిన ఏళ్ళకు పరిహారం అనే పద్దే ఏ యూనివర్సిటీ బడ్జెట్‌లోనూ ఉండదు. తప్పుకు ఖరీదు లేని చోట జాగ్రత్త ఎక్కణ్ణుంచి వస్తుంది? రద్దు చేసే ప్రతిసారీ కట్టిన రుసుమంతా వడ్డీతో వెనక్కిచ్చి, పోయిన ప్రతి ఏడాదికీ పరిహారం కట్టాలని ఒక్క ఉత్తర్వు వస్తే, పరీక్షల విభాగంలో జరిగే పరిశీలన మర్నాడే కౌంటరు దగ్గరికి దిగుతుంది.

ఉన్నత విద్యామండలి అధ్యక్షులనూ, ఉస్మానియా, ఇఫ్లూ పాలకమండళ్ళనూ అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే నోటిఫికేషన్లో "ఏ దశలోనైనా" అన్న రెండు ముక్కలు తీసేయండి. వాటి చోట "తరగతులు మొదలైన అరవై రోజుల్లోపు, కారణాలు రాతపూర్వకంగా చెప్పి, విద్యార్థి జవాబు విన్నాక" అని రాయండి. ఫోర్జరీకి మినహాయింపు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. అరవై రోజులు చాలవంటే తొంభై చేసుకోండి. ఏదో ఒక అంకె వేయండి.

ఈ ఏడు మీ ఇంట్లో ఎవరైనా చేరుతుంటే, వెరిఫికేషన్ కౌంటర్లో సంతకం, ముద్ర పడిన చెక్‌లిస్టు జిరాక్స్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి. ఏ సర్టిఫికెట్లు ఇచ్చారో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. రేపు రద్దు ఉత్తర్వు వస్తే, మీరేం చూపించారో వాళ్ళేం చూశారో కోర్టులో చెప్పేది ఆ కాగితమే.